కచేరీ గదిలో అక్షరాల చప్పుళ్లు

మా ముత్తాత పన్నెండు ఊళ్ల శిస్తు వసూళ్లు చూసే మాలీ పటేలు. ఆయన తండ్రికి సంస్థానం కొలువులో కూర్చుని మాట్లాడే హక్కు ఉండేదని మా ఇంట్లో చెప్పుకునేవారు. మిగతావాళ్లు నిలబడి మాట్లాడేవారట. మా తాతకు అంత పదవి లేదు. అయినా చండ్రుగొండ వైపు అడవి అంచు నుంచి సత్తుపల్లి దారి దాకా ఎడ్ల తగువైనా, గట్టు తగువైనా, మొగుడూ పెళ్లాల తగువైనా మా కచేరీ గదికే వచ్చేది. మా నాన్న ఆ గదిలో ఒక్కనాడూ కూర్చోలేదు. ఆయన కాలానికి భూమి కొంత సీలింగులో పోయింది, కొంత కోర్టుల చుట్టూ తిరిగి పోయింది, మిగిలింది ఆయన ఇతరులకు హామీ ఉన్న చోట పోయింది. ఆ వరుసలో ఆఖరిదాన్ని నేను. నాలుగేళ్ల, ఐదేళ్ల పిల్లలకు అక్షరాల చప్పుళ్లు నేర్పే టీచర్ని.

ఇందులో దాచవలసింది ఏమీ లేదు. ఊళ్లో సర్కారు బడికి చిన్నపిల్లల తరగతి వచ్చింది. బడికి ఉన్నవి మూడు గదులు. ఒకటి వానకు కారుతుంది. మిగతా రెండింటిలో ఐదు తరగతులు. హెడ్మాస్టరు గారు ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, చెప్పులు మెట్ల కింద విడిచి, కచేరీ గది ఖాళీగానే ఉంది కదా అని అడగలేక అడిగారు. వాడుకోమన్నాను. ఆయన కిరాయి మాట ఎత్తబోతే వద్దన్నాను. మా ఇంట్లో గదికి కిరాయి తీసుకున్నవాళ్లు లేరు.

వెళ్లబోతూ ఆయన, ఆ తరగతికి ఈ ఊళ్లోనే ఉండే, ఇంటర్ పాసైన ఆడమనిషి టీచరుగా కావాలని, ఎవరైనా ఉంటే చెప్పమని అన్నారు. నేను డిగ్రీ చదివానని ఆయనకు తెలుసు. తెలిసి కూడా నా వైపు చూడకుండా గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ అన్నారు. ఆ మర్యాదకు ఆయన్ని ఇప్పటికీ గౌరవిస్తాను. మూడు రోజులు ఆలోచించి, దరఖాస్తు కవరులో పెట్టి నేనే బడికి తీసుకెళ్లి ఇచ్చాను. మా ఇంట్లో జీతం పుచ్చుకున్న మొదటి మనిషిని నేనే.

కొత్తగూడెంలో రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. నేర్పిన అమ్మాయికి ముప్పై కూడా ఉండవు. 'మ' అని రాసిన అట్ట నా ముందు పెట్టి, "ఇదేంది మేడం?" అంది.

"మ," అన్నాను.

"అది అక్షరం పేరు. చప్పుడు చెప్పండి."

"మ," అన్నాను మళ్లీ, ఈసారి కొంచెం గట్టిగా.

గదిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ అమ్మాయి నా పక్కకు వచ్చి, "పెదాలు మూసి పెట్టండి మేడం. కొత్త ఆవకాయ నాలికె మీద ఏసుకున్నట్టు, మ్‌మ్‌మ్... అంతే. ఎన్కనుంచి 'అ' రానీయొద్దు," అంది.

నాకు అక్షరాలు నేర్పినది మా తాత. ఇత్తడి పళ్లెంలో బియ్యం పరిచి, నా వేలు పట్టుకుని దిద్దించారు. అక్షరానికి రూపం ఉంటుందని, వరుస ఉంటుందని, కాలు తగిలితే కళ్లకద్దుకోవాలని తెలుసు. పేరు వేరు, చప్పుడు వేరు అని నాకు ఎవరూ చెప్పలేదు. యాభై ఏళ్లు దగ్గరపడ్డాక ఎవరో వచ్చి, మీ ఇంటిపేరు మీ పేరు కాదు, దాని వెనక ఇంకొకటుంది అన్నట్టు అయింది నాకు. సాయంత్రం బస్టాండులో కూర్చుని 'స్‌స్‌స్' అని మెల్లగా అనుకుని చూస్తుంటే, పక్కనాయన ఉలిక్కిపడి కాళ్లు బెంచీ మీదికి లాక్కున్నాడు. పాము అనుకున్నాడు. అవతలి బెంచీకి మారి కూర్చున్నాను.

జూన్‌లో తరగతి మొదలైంది. పదకొండు మంది పిల్లలు. ఐదుగురు ఇళ్లలో కోయ మాట్లాడతారు. వాళ్లకు తెలుగు సరిగా రాదు గనక వెనకబడతారేమో అనుకున్నాను. చప్పుళ్ల దగ్గర వాళ్లే ముందున్నారు. చప్పుడుకు ఏ భాషా అక్కర్లేదు కాబోలు. పదాన్ని విరిచి చప్పట్లు కొట్టించేదాన్ని. మా, మి, డి. మూడు చప్పట్లు. మే, క. రెండు. తర్వాత చప్పుళ్ల సంచి. చిన్న గుడ్డసంచిలో గవ్వ, చింతపిక్క, సీసా మూత, ఎండిన ఇప్పపువ్వు, మొక్కజొన్న బెండు ఉండేవి. పిల్ల చెయ్యి పెట్టి ఒకటి తీసి, దాని పేరులో మొదట వచ్చే చప్పుడు చెప్పాలి. 'గ్' అని ఒకడు అరిస్తే కప్పు మీది పావురాలు లేచిపోయేవి. ఆ గదిలో అంత గోల నేనెప్పుడూ వినలేదు. నాకు అది బాగుందో బాగులేదో తెలిసేది కాదు.

మూలన మా తాత కుర్చీ ఉండేది, దుప్పటి కప్పి. దాని మీద గోడకు మేకుకు ఆయన చేతికర్ర. నల్లచేవ కర్ర, అడుగున ఇత్తడి పొన్ను. ఆ రెండూ తీయించలేదు. తీయించాలని తోచలేదు.

పదకొండు మందిలో ఒక్క పాప మాట్లాడేది కాదు. నాలుగున్నరేళ్లుంటాయి. రెండు జడలు, ఎర్ర రబ్బరు బ్యాండ్లు. గడప పక్కనే కూర్చునేది, మోకాళ్లు దగ్గరకు లాక్కుని. చప్పట్లు కొట్టేది, అట్ట చూపిస్తే వేలు పెట్టేది. 'మ' అట్ట ఏదంటే 'మ' అట్టే ఇచ్చేది, ఒక్కసారి కూడా తప్పేది కాదు. నోరు మాత్రం విప్పేది కాదు. ఏమన్నా అడిగితే తల వంచుకుని కుడి అరచెయ్యి నోటి మీద పెట్టుకునేది.

ఆ పిల్ల కుటుంబాన్ని ఎరుగుదును. వాళ్ల నాయనమ్మ, ఆమె అత్త, ఆమె మామ, అందరూ మా ఇంట్లో పనిచేసినవాళ్లే. నాయనమ్మను మా ఇంట్లో పేరు పెట్టి పిలిచేవారు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. టీచరుగా ఆమెతో మాట్లాడవలసి వచ్చినప్పుడు పేరు పెట్టి పిలవాలో, అమ్మా అనాలో తేల్చుకోలేక, ఏ పిలుపూ లేకుండానే మాట్లాడేదాన్ని. జూలైలో ఒకరోజు పిల్లను తీసుకుపోవడానికి వచ్చింది. గడప అవతలే నిలబడింది.

"పిల్ల ఇక్కడ అసలు మాట్లాడటం లేదు," అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. "అవ్ దొరసానీ. చెప్పి పంపిన గద," అంది.

"ఇంట్లో మాట్లాడుతుందా?"

"ఇంట్లనా? అబ్బో, నోరు మూస్తె కదా! వాళ్ల తాతను నిద్రపోనియ్యదు. గీడికొచ్చినంక బుద్ధిగుంటది." పిల్ల తల నిమిరి, నాకు దండం పెట్టి వెళ్లిపోయింది.

నేను మెచ్చుకున్నాననుకుని ఆమె సంతోషపడి వెళ్లిందని నాకు అప్పుడు తెలియలేదు. ఇంట్లో మాట్లాడే పిల్ల ఇక్కడెందుకు మాట్లాడదు, చెప్పి పంపడమేమిటి అని అడిగి ఉండవచ్చు. మా ఇంట్లో పనిచేసినవాళ్ల ముందు తెలియదు అని నిలబడటం నాకు అలవాటు లేదు. అడగలేదు.

తరగతిలో నాకు సాయంగా ఇచ్చిన ఆయా మాత్రం ఎవరు ఏమనుకుంటారో చూడకుండా అడిగేస్తుంది. ఆమె వేరే ఊరి నుంచి పెళ్లయి వచ్చిన మనిషి, మా ఇంటి సంగతులు తెలియవు. మొదట అందరిలాగే దొరసాని అనేది. టీచర్ అనమన్నాను. కొన్నాళ్లు 'టీచర్ దొరసాని' అని, ఆఖరికి టీచర్ దగ్గర ఆగింది. "చెవులు ఇనపడ్తలేవేమో టీచర్," అని తనే పిల్లను దవాఖానాకు తీసుకెళ్లి చూపించింది. చెవులు బాగున్నాయన్నారు. నాలుక కింద తీగ ఏమన్నా పట్టేసిందేమో చూడమంటే అదీ బాగుందన్నారు. "మరింకేంది టీచర్? మనమంటె భయమా?" అంది. నేనైతే ఎవరినీ కసిరింది లేదు. భయమెందుకో అర్థం కాలేదు.

ఇంకొకటి కూడా అర్థం కాలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఆయా ఊడుస్తూ, చీపురు పుల్లలు సమం కావడానికి పిడిని నేలకేసి టక్కు టక్కుమని రెండు దెబ్బలు కొట్టింది. గడప పక్కన కూర్చున్న పాప చప్పున తలెత్తి, నా ముఖంలోకి చూసి, పెదాలు విప్పబోయింది. 'మ్' అన్నట్టు నాకు వినిపించింది. నేను తిరిగి చూసేసరికి అరచెయ్యి మళ్లీ నోటి మీదే ఉంది. ఆయానడిగితే తనకేమీ వినపడలేదంది. బయట గేదె ఏదైనా అరిచిందేమో అనుకున్నాను.

సెప్టెంబరులో మండలం నుంచి మేడం వచ్చారు. పిల్లలెలా నేర్చుకుంటున్నారో చూసి ఫారంలో టిక్కులు పెట్టుకుపోయే ఉద్యోగం ఆవిడది. వస్తూనే మూలనున్న కుర్చీ మీది దుప్పటి ఎత్తబోయారు. నేను ప్లాస్టిక్ కుర్చీ ముందుకు జరిపాను. ఆవిడ అందులోనే కూర్చున్నారు. నలుగురైదుగురి చేత చప్పుళ్లు చెప్పించి, పాప దగ్గరకు వచ్చేసరికి ఆగారు.

"ఈ పాప గడులన్నీ ఖాళీగున్నయేంది టీచర్?"

"మాట్లాడదు."

"ఇంట్ల?"

"మాట్లాడుతుందని వాళ్ల నాయనమ్మ అంటుంది."

"అందరూ గట్లనే అంటరు టీచర్. ఒప్పుకోబుద్ధి కాదు పాపం." ఫారం మడిచారు. "నెలాఖరుకు మళ్లొస్త. నా ముందర ఒక్క చప్పుడన్న పలకాలె. లేకుంటె మాట రాని పిల్లల లిస్టుల రాస్త. కొత్తగూడెంల సెంటర్ ఉంది, ఆడనే ఉంచుకొని నేర్పిస్తరు. మంచిదే కద?"

ఆవిడ వెళ్లాక ఆయా తలుపు దగ్గరే నిలబడిపోయింది. "లిస్టుల ఎక్కిన్రంటె అయిపాయె టీచర్. గంత చిన్నపిల్లను వాళ్లు ఆడికి పంపరు, ఈడికీ పంపరు. మా అక్క బిడ్డను గిట్లనే రాసిన్రు. ఇప్పుడు తల్లెంబడి మిరపతోటల ఉంటది. బడి ముఖం సూళ్లె."

ఇరవై రోజులున్నాయి. నాకు తెలిసినవన్నీ చేశాను. అద్దం తెచ్చి పెదాలు చూపించాను. పాప నోటి ముందు దూది పెట్టి 'ప్' అని ఊదమన్నాను. దూది ఎగిరింది, చప్పుడు రాలేదు. నా గాజులు గలగలలాడించి 'గ్, గ్' అన్నాను. పాప నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. మిగతా పదిమంది అన్నీ నేర్చేసుకుని విసుగుతో గోడలు గీకుతున్నారు. నేర్పలేకపోతున్నది నేనా, నేర్చుకోలేకపోతున్నది పాపా? కొన్నిసార్లు ఇంకో ఆలోచన కూడా వచ్చేది, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఆ గదిలో పద్ధతిగా కూర్చునే పిల్ల ఆ ఒక్కతే. ఆ పిల్లను చూస్తే నా మనసుకు హాయిగా ఉండేది.

మేడం రావడానికి ఒకరోజు ముందు నాయనమ్మకు కబురు చేయక తప్పలేదు. వచ్చింది. లోపలికి రమ్మన్నాను, రాలేదు. నేనే గడప దాకా వెళ్లాను. రేపు ఏం జరగబోతోందో చెప్పాను. పాప పేరు లిస్టులో రాస్తారని, కొత్తగూడెం పంపమంటారని.

"మాట రాదని రాస్తరా? నా మనవరాలికా?" అంది.

"ఒక్క చప్పుడు కూడా పలకడం లేదు మరి. నాలుగు నెలల నుంచి."

ఆమె నా వైపు, నా వెనక గోడ వైపు చూసింది. కోపం తెచ్చుకోవాలో వద్దో తెలియని ముఖం. "మీరు కర్ర తట్టకపోతె ఎట్ల మాట్లాడుతది దొరసానీ?" అంది.

"ఏ కర్ర?"

"గా కర్రనే. పెద్దదొర కర్ర. కచేరీల రెండుసార్లు తడితేనే గద మేం నోరు తెరిచేది? మా మామ చెప్పిండు, నేను నా కొడుక్కు చెప్పిన, దీనికీ చెప్పిన. కర్ర తట్టకముందు మాట్లాడితె తప్పయితదని. మీరు తట్టుతలేరు, గందుకే ఊకుంటున్నది అనుకున్న." గొంతు తగ్గించింది. "మీకు తెల్వదా?"

తెలుసు. అదే నన్ను ఎక్కువ గందరగోళపెట్టింది. నాకు ఐదేళ్లప్పుడు తాత కుర్చీ కోళ్ల దగ్గర కూర్చుని ఆ చప్పుడు ఎన్నోసార్లు విన్నాను. టక్కు, టక్కు. వెంటనే ఎదుటి మనిషి మొదలుపెట్టేవాడు. ఒకసారి ఒకాయన పొద్దుటి నుంచి గడప దగ్గర నిలబడి ఉన్నాడు. తాత వేరే పనిలో పడి కర్ర తట్టడం మరిచిపోయారు. ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. ఆయన అరచెయ్యి నోటి మీద పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను తాతకు గుర్తు చేయలేదు. నాకు అది ఒక ఆటలా ఉంది, ఎంతసేపు ఉంటాడో అని. తాత పోయాక ఆ గదిలో ఎవరూ కర్ర తట్టలేదు. మేం మరిచిపోయాం. వాళ్లు మరిచిపోలేదు.

"పెద్దదొర పోయి నలభై ఏళ్లయింది," అన్నాను.

"అవ్," అంది. "గది ఆడనే ఉంది గద."

మర్నాడు మేడం పదకొండింటికి వచ్చారు. నేను రాత్రంతా ఒకటే అనుకున్నాను: కర్ర ముట్టుకోను. పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, ఇప్పుడు ఆ పద్ధతి లేదమ్మా, మాట్లాడొచ్చు అని చెబుతాను. పొద్దున చెప్పాను కూడా. పాప శ్రద్ధగా విని, తల ఊపి, అరచెయ్యి నోటి మీద పెట్టుకుంది. ఇంకోసారి చెప్పాను. ఇంకోసారి తల ఊపింది. నాయనమ్మ గడప అవతల గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

మేడం పాప ముందు గొంతుక్కూర్చుని 'మ' అట్ట పట్టుకున్నారు. "చెప్పు నాన్నా, ఇదేంది?" అరనిమిషం ఆగారు. ఇంకో అట్ట. మళ్లీ ఆగారు. నా వైపు చూసి, "ఏం చేద్దాం టీచర్?" అని బ్యాగులోంచి పెన్ను తీశారు.

నేను వెళ్లి కర్ర తీశాను. నలభై ఏళ్లుగా మేకుకు వేలాడుతున్న కర్ర. దుమ్ము నా చీర మీద పడింది. అది నా చేతికి ఎంత సరిగ్గా సరిపోయిందో ఇప్పటికీ గుర్తుంది, నా కోసమే చేసినట్టు. నేలకు రెండుసార్లు తట్టాను.

పాప లేచి నిలబడింది. చెయ్యి నోటి మీద నుంచి తీసి, చేతులు కట్టుకుంది.

"మ్‌మ్‌," అంది. "స్‌స్‌. గ్. ప్. క్. త్." ఆగలేదు. నాలుగు నెలల్లో నేను నేర్పినవన్నీ, నేర్పిన వరుసలోనే చెప్పింది. చప్పుళ్లయిపోయాక మిగతావి మొదలయ్యాయి. "మా, మి, డి, మూడు. మే, క, రెండు. గోడ గీకొద్దు. వరసలో కూచోండి. ఆయా, ఆ తలుపు కొంచెం వెయ్యి." నా గొంతే. మధ్యలో నేను చేసే చిన్న దగ్గు కూడా వదల్లేదు. పిల్లలు విరగబడి నవ్వారు. ఆయా కొంగు నోట్లో కుక్కుకుంది. గడప అవతల నాయనమ్మ, "చూసిన్రా! నేను చెప్పలే?" అంటూ మేడం మీదికి వచ్చినంత పని చేసి, గడప దగ్గర టక్కున ఆగిపోయింది.

మేడం పెన్ను మూశారు. "మంచి ట్రిక్కే పట్టిన్రు టీచర్. చప్పుడుతోని చప్పుడు రాబట్టుడు. బాగుంది," అని, బోధన సామగ్రి అన్న గడిలో 'కర్ర' అని రాసుకున్నారు. లిస్టులో పాప పేరు రాయలేదు.

పని అయింది. నాకు మాత్రం ఏది అయిందో తెలియలేదు. గెలిచింది నేనా, మా తాతా? ఆ తర్వాత పాప రోజూ మాట్లాడేది, కర్ర తట్టాకే. మిగతా పిల్లలు కూడా అదొక ఆటనుకుని, "టీచర్, నాకూ తట్టు, నాకూ తట్టు" అని ఎగబడేవారు. తట్టకపోతే వాళ్లూ మూతి బిగించుకుని కూర్చునేవారు. వారం రోజులు తట్టాను. రెండు దెబ్బలకు పదకొండు నోళ్లు ఒక్కసారి తెరుచుకునేవి. అది నాకు నచ్చింది. నచ్చిందని గమనించిన రోజున కర్ర తీసుకెళ్లి లోపలి గదిలో బీరువా వెనక పెట్టాను. కర్ర పోయిందని పిల్లలు ఒక పూట గోల చేసి మరిచిపోయారు. పాప మరిచిపోలేదు. ఖాళీ మేకు వైపు చూసి, మళ్లీ అరచెయ్యి నోటి మీద పెట్టుకుంది.

"తెచ్చియ్యరాదు టీచర్," అంది ఆయా. "మాట్లాడుతుండె గద, మీకేం నొప్పి?"

ఏమని చెప్పను? వచ్చే ఏడు ఈ పిల్ల ఒకటో తరగతికి పోతుంది. అక్కడ కర్ర తట్టేవాళ్లు ఉండరు. అక్కడ మా గది కాదు గనక మాట్లాడుతుందేమో. లేక టీచరంటేనే నోరు మూసుకోవాలని ఇక్కడ నేర్చుకుని పోతుందేమో. ఏదో ఒకటి తెలిస్తే నాకు నిద్ర పట్టేది.

దీపావళి సెలవుల ముందు రోజు, ఆయా పండగకని నాకు సాయంగా ఇల్లంతా దులుపుతూ బీరువా వెనక కర్ర చూసి, నన్నడక్కుండా తెచ్చి గోడకు ఆనించింది. అప్పుడు పిల్లలు బడి ఆట ఆడుకుంటున్నారు. ఒక్కొక్కరు టీచరై మిగతావాళ్లకు అట్టలు చూపించాలి. నేనూ పిల్లల వరసలో చాప మీద కూర్చున్నాను. శిక్షణలో అలా కూర్చోమన్నారు. నేల మీద కూర్చోవడం మోకాళ్లకు కష్టం. ఆ గదిలో అయితే ఇంకా కష్టం. పాప వంతు వచ్చింది. ఎలాగూ మాట్లాడదు గదా అని, వెనకున్న పిల్లను రమ్మని సైగ చేశాను.

పాప లేచి, అట్టలు తీసుకోకుండా నేరుగా గోడ దగ్గరకు వెళ్లి, తన కంటే పొడుగున్న కర్రను రెండు చేతులతో పట్టుకుని ఈడ్చుకొచ్చింది. నా ముందు నిలబడింది. నేలకు తట్టింది. మొదటి దెబ్బ సరిగా పడలేదు, పొన్ను జారింది. ఇంకోసారి తట్టింది. మళ్లీ ఇంకోసారి. సరిగ్గా రెండు చప్పుళ్లు వచ్చాయో లేదో లెక్కపెట్టుకున్నట్టు ఆగి, నన్ను చూసింది.

"ఏయ్ పిల్లా! గా కర్ర కింద పెట్టు!" అంది ఆయా, మా ఇంటి సంగతులు ఎంత తెలియని మనిషైనా.

 ఆ కర్రను మా వాళ్లెవరి ముందూ ఎవరూ తట్టలేదు. ఒళ్లు భగ్గుమంది. లేచి కర్ర లాక్కోవాలనిపించింది, చెయ్యి సగం లేచింది కూడా. పాప భయపడలేదు. కర్ర తట్టాక ఎదుటివాళ్లు మాట్లాడతారు. అది పద్ధతి. వాళ్ల ఇంట్లో మూడు తరాలు నేర్పిన పద్ధతి. నేను ఎందుకు మాట్లాడటం లేదా అని చూస్తోంది, అంతే. ఆ చూపులో అగౌరవమేమీ లేదు. మా తాతే అక్కడ నిలబడి ఉన్నా ఆయన తప్పు పట్టడానికి ఏముందో నాకు తోచలేదు.

"మ్‌మ్," అన్నాను.

"ఇంక?" అంది పాప.

ఆ 'ఇంక' నేను కర్ర తట్టకుండా ఆ పిల్ల నోట విన్న మొదటి మాట. తట్టకుండా అనవచ్చో లేదో తెలియదు, కర్ర దాని చేతిలోనే ఉంది కదా.

"స్‌స్," అన్నాను. "గ్. ప్."

"మంచిగ చెప్పినవ్. కూచో," అంది. నేను కూర్చునే ఉన్నాను.

సెలవుల తర్వాత తరగతి తెరిచిన రోజు పాప గడప దగ్గర ఆగి, ఒంటికాలి మీద నిలబడి, "టీచర్, చెప్పు తెగింది," అంది. కర్ర లేదు, తట్టడం లేదు, చెయ్యి నోటి దగ్గర లేదు. పిన్నీసు పెట్టి చెప్పు సరిచేశాను. చేస్తున్నంతసేపూ, వాళ్ల తాత గురక గురించి, పటాకులకు భయపడి మంచం కిందికి పోయిన కుక్క గురించి చెప్పింది. ఆ రోజు నుంచి ఆపలేదు. నేను చెప్పిన మాటకా, ఆటకా, సెలవులకా, తెగిన చెప్పుకా ఆ నోరు తెరుచుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. శిక్షణ ఇచ్చిన అమ్మాయి ఫోను చేసినప్పుడు ఇది అడగబోయి మానేశాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలి? పన్నెండు ఊళ్ల నుంచా?

నాయనమ్మ మాత్రం ఇంకా గడప అవతలే నిలబడుతుంది. కర్ర సంగతి ఇక లేదని ఆమెకు ఒకసారి చెప్పాను. "మీరు చెప్పిన్రు గద, సరే," అని, అక్కడే నిలబడింది.

ఫిబ్రవరిలో బడి గది కప్పు బాగుచేశారు. చాపలు, అట్టలు, చప్పుళ్ల సంచి పిల్లలే మోసుకుని బడికి పోయారు. పాప సంచి పట్టుకుని ముందు నడిచింది. నేను ఇప్పుడు రోజూ తొమ్మిదింటికి అక్కడికి నడిచి వెళ్తాను. అక్కడ గడప లేదు, సిమెంటు వాలు ఉంది.

ఏప్రిల్‌లో కచేరీ గది టేకు తలుపులు రెండూ, నాలుగు దూలాలు, మా తాత కుర్చీ, ఆయన చేతికర్ర సత్తుపల్లి నుంచి వచ్చిన పాత సామాను వ్యాపారికి అమ్మేశాను.